నవ్వు మొహానికి టిక్కు

మా మిల్లు పేరు చెప్పను. చెబితే అదొక్కటే చెడ్డదనీ, మిగతావన్నీ బంగారమనీ అనుకుంటారు. గోగునార తెచ్చి, తడిపి, వడికి, గోనెసంచులు నేసే మిల్లు. విజయనగరం వైపు అలాంటివి ఒకప్పుడు చాలానే ఉండేవి. అందులో నేను పదకొండేళ్లు సంక్షేమ విభాగంలో గుమస్తాగా పనిచేశాను. విభాగమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, రెండు బీరువాలు, మూత సరిగ్గా పడని మందుల పెట్టె, నేను. పొద్దున్నే మొదటి షిఫ్టు వాళ్లకి క్యాంటీన్ కూపన్లు ఇవ్వాలి గనక ఐదున్నరకే గేటు దగ్గర ఉండేదాన్ని. సంక్షేమం అంటే ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు. బల్ల మీద ఆ మాట రాసిన బోర్డు పెట్టి వెళ్లిపోయారు.

మా వైపు చలి గురించి చెబితే బయటివాళ్లు నవ్వుతారు. సముద్రం పక్కన మీకు చలేమిటండీ అంటారు. ఒక్కసారి ధనుర్మాసంలో గజపతినగరం నుంచి తెల్లవారుజామున షేరింగ్ ఆటోలో రమ్మనండి, తెలుస్తుంది. సాలూరు కొండల వైపు నుంచి మంచు దిగేది. ముందు వెళ్లే లారీ వెనక దీపం తప్ప రోడ్డు కనిపించేది కాదు. ఆటోలో పదిమందిమి ఒకరి ఒళ్లో ఒకరం ఇరుక్కుని కూర్చున్నా పళ్లు టకటకలాడేవి. దిగాక నేను వెళ్లి కుర్చీలో కూర్చునేదాన్ని. మిగతావాళ్లు వెళ్లి నీళ్లలో చేతులు పెట్టేవాళ్లు.

నీళ్లంటే నిజంగానే నీళ్లు. గోగునార గట్టిగా ఉంటుంది కదా, దాన్ని మెత్తబరచడానికి నూనె కలిపిన నీళ్లు చల్లుతూ గాడులున్న రోలర్ల మధ్య నుంచి పంపిస్తారు. ఆ మిషన్‌కి నార అందించేవాళ్ల చేతులు మోచేతుల దాకా తడిసే ఉంటాయి, ఎనిమిది గంటలూ. చలికి వేళ్లు మొద్దుబారతాయి. మొద్దుబారిన వేలికి నారని ఎప్పుడు వదలాలో తెలియదు. నార లోపలికి పోతుంది, దాంతోపాటు వేలూ పోతుంది.

ఇది మిల్లు పుట్టినప్పటినుంచీ అందరికీ తెలిసిన సంగతే. అందుకే మావాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏ కాగితం మీదా లేదు. గేటుకి ఎదురుగా, రోడ్డు అవతల, టీ కొట్టు పక్కన ఇటుకలు పేర్చిన గొయ్యి ఉండేది. చలికాలమంతా అందులో మంట. లోపలికి వెళ్లబోయే ప్రతి మనిషీ ఒక కొబ్బరిమట్టో, తాటిమట్టో, ఎండుకంపో తెచ్చి అందులో వెయ్యాలి. చేతులు కాచుకోవాలి. పిడికిలి మూసి, తెరిచి, మూసి, తెరిచి, తర్వాత వెళ్లి టీ కొట్టు పెద్దమ్మకి రెండు చేతులూ చూపించాలి. ఆవిడ ఒక్కొక్క వేలి కొసా గిల్లి చూసేది.

ఆ పెద్దమ్మ ఇరవై ఏళ్లకు పైగా అదే మిల్లులో పనిచేసింది. పది వేళ్లూ ఉండగానే బయటికొచ్చాననేది ఆవిడ గర్వం. ఎవరి వేళ్లయినా చల్లగా ఉంటే ఊరుకునేది కాదు.

"ఓరి, ఇయి నీ సేతులేనా, సచ్చిన సేపలా? కూకో ఇంకాసేపు."

చెయ్యి వణుకుతుంటే మాత్రం ఆవిడ గొంతు మారిపోయేది. చలికి వణికే చెయ్యి వేరు, నిద్రలేక వణికే చెయ్యి వేరు, తాగి వణికేది వేరు, లోపల ఏదో తినేస్తుంటే వణికేది వేరు. అన్నీ ఆవిడకి తెలుసు. పక్కనే చేతులు కాచుకుంటున్న మేస్త్రీని పిలిచేది. "ఈడికి నిద్దర లేదు. ఈయాల మిషన్ కాడ ఎట్టకు. కట్టలు మోయించు." మేస్త్రీ మారుమాట్లాడకుండా మనిషిని మార్చేసేవాడు. కుర్రవాడిగా చేరినప్పుడు అతని చేతులు కూడా ఆవిడే చూసిందట. మార్చిన సంగతి ఎక్కడా రాసేవారు కాదు. రాస్తే కారణం రాయాలి, కారణం రాస్తే మనిషి పరువు పోతుంది.

ఆ మంట దగ్గరే అందరి కథలూ బయటపడేవి. మొగుడు కొట్టినవాళ్లు, పిల్లకి జ్వరం వచ్చినవాళ్లు, పంట పోయినవాళ్లు, అత్తతో పడనివాళ్లు. కాసేపు తిట్టుకునేవారు, కాసేపు నవ్వుకునేవారు, సైరన్ మోగితే లేచేవారు. నేను మాత్రం రోడ్డుకి ఇవతలే, గేటు పక్క నా కుర్చీలోనే ఉండేదాన్ని. ఆఫీసు మనిషిని కదా. చేతులు చూపించాల్సిన అవసరం నాకేముంది అనుకునేదాన్ని.

పెద్ద తుపాను వచ్చి వెళ్లిన చలికాలం అది. తుపానుకి మా షెడ్డు పైకప్పు సగం ఎగిరిపోయింది. మళ్లీ వేసినప్పుడు మామూలు రేకులే వేశారు. అంతకుముందు మధ్యమధ్యలో వెలుతురు రేకులు ఉండేవి, వాటిలోంచి పొద్దున్నే ఎండపడేది. వాటి జోలికి ఎవరూ పోలేదు. దాంతో షెడ్డులో మిట్టమధ్యాహ్నం కూడా లైట్లు వేసుకోవాల్సి వచ్చేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీంతో మళ్లీ పని ఉంది.

నేను చెప్పదలుచుకున్న మనిషి ఆ రోలర్ల మిషన్ మీద పనిచేసేవాడు. యాభై దాటిన మనిషి. మిల్లులో సగం మంది మావ అనేవారు, నేనూ అంతే. సొంతూరు కోటబొమ్మాళి దగ్గర. అక్కడున్న కాస్త మడిచెక్క తమ్ముడికి వదిలేసి, మిల్లు దగ్గర గది అద్దెకి తీసుకుని ఉండేవాడు. భార్య కూడా మా మిల్లులోనే సంచులు కుట్టేది. ఇద్దరూ కలిసి వచ్చేవారు, చెరొక మట్టా పట్టుకుని. ఆ ఏడు భాద్రపదంలో ఆవిడ జ్వరంతో పోయింది. వారం తిరక్కుండా మావ డ్యూటీకి వచ్చేశాడు. ఒంటరిగా గదిలో ఉండలేకే వచ్చాడని అందరికీ తెలుసు.

చలి మొదలయ్యాక మంట దగ్గరికి వస్తూ మావ ఎప్పటిలాగే రెండు మట్టలు తెచ్చేవాడు. భార్య వంతు మట్ట కూడా తనే మంటలో వేసేవాడు. కార్తీకంలో చాలా రోజులు ఆయన చేతులు వణికాయి. పెద్దమ్మ ఆయన్ని కట్టల మోతకి పంపించేది. అంతకుముందు తిట్టి మరీ ఇంత ఉప్మా తినిపించేది. "నీ పెల్లాం నాకు అప్పజెప్పి పోనాదిరా నిన్ను, తిను." ఆయన తలదించుకుని తినేవాడు. మార్గశిరం వచ్చేసరికి చేతులు కొంచెం నిలబడ్డాయి. ఒకరోజు ఎవరో ఏదో అంటే నవ్వాడు కూడా, నేను రోడ్డు ఇవతలనుంచి చూశాను.

ఈలోగానే దిగింది మా మీదకి మానసిక ఉల్లాసం.

కార్తీకంలోనే పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. చలికాలంలో ఉద్యోగుల మనసు బాగోగులు చూడాలట. మా కొత్త హెచ్ఆర్ అబ్బాయికి ఆ పని అప్పజెప్పారు. అబ్బాయి చెడ్డవాడు కాదు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, అందరినీ అండీ అనేవాడు. కానీ అతను వచ్చిన నాలుగు నెలల్లో షెడ్డులోకి రెండుసార్లే వెళ్లాడు, రెండుసార్లూ తుమ్ముతూ బయటికొచ్చాడు.

మార్గశిరం చివర్లో ఒక ఉపన్యాసం పెట్టారు. మొదటి షిఫ్టు దిగినవాళ్లని ఇళ్లకి వెళ్లనివ్వకుండా క్యాంటీన్‌లో కూర్చోబెట్టారు. పట్నం నుంచి ఒకాయన కోటు వేసుకుని వచ్చి తెర మీద బొమ్మలు చూపించాడు. మొదటి బొమ్మ మంచు కప్పేసిన ఇళ్లు. ఆకులు రాలిన చెట్లు. నాలుగు గంటలకే చీకటి పడిపోయే ఊళ్లు. చలికాలంలో ఎండ తగలక మనసు కుంగిపోతుందనీ, కాబట్టి మీ డెస్కుని కిటికీ పక్కకి జరుపుకోవాలనీ చెప్పాడు.

వడికే సెక్షన్ ఆడమనిషి ఒకావిడ లేచింది. "బాబూ, మరి మా మిషన్ని కిటికీ కాడికి జరుపుతారేటి?"

అందరూ ఘొల్లున నవ్వారు. కోటాయన కూడా నవ్వి, మంచి ప్రశ్న అన్నాడు. గ్లాసెత్తి నీళ్లు తాగాడు. ఎండ గురించి మాట్లాడుతున్న ఆ మనిషికి, పొద్దుటి ఎండ వచ్చే రేకులు ఎగిరిపోతే వాటి చోట చీకటి రేకులు వేశారని ఒక్కరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వెనక బెంచీలో కూర్చుని హాజరు రాసుకుంటున్నాను.

తర్వాతి బొమ్మ చూసి మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. నలుగురు తెల్లవాళ్లు మంట చుట్టూ కూర్చుని, చేతుల్లో కప్పులు పట్టుకుని నవ్వుతున్నారు. నలుగురితో కలిసి వెచ్చగా గడపండి, మనసులో మాట చెప్పుకోండి అని కింద రాసుంది. ఎందుకు మండిందంటే, సరిగ్గా ఆ పొద్దున్నే గేటు దగ్గర నోటీసు అంటించారు. మిల్లు ముందు మంట వెయ్యడం నిషేధం. టీ కొట్టు అక్కడినుంచి తీసెయ్యాలి.

నార మిల్లు దగ్గర నిప్పు ప్రమాదం కాదా అంటే ప్రమాదమే. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ గొయ్యి రోడ్డు అవతలుంది. చుట్టూ ఇటుకలు, పక్కన ఎప్పుడూ రెండు బాల్చీల నీళ్లు. అన్నేళ్లలో ఒక్క నిప్పురవ్వ రోడ్డు దాటలేదు. అసలు కారణం ప్రమాదం కాదు. ఉల్లాసం కార్యక్రమం చూడడానికి పై ఆఫీసు వాళ్లు వస్తున్నారు, ఫొటోలు తీస్తారు, గేటు ఎదుట పొగా, బుగ్గీ, మసిపట్టిన టీ గిన్నెలూ కనపడకూడదు. హెచ్ఆర్ అబ్బాయి నాతో ఉన్నమాటే చెప్పాడు. "చూడ్డానికి బాగోదు కదండీ."

పెద్దమ్మ ఏమీ గొడవ చెయ్యలేదు. పొయ్యి ఆర్పి, గిన్నెలు సర్దుకుని, వెళ్తూ వెళ్తూ నా కుర్చీ దగ్గర ఆగింది.

"ఓలమ్మా, ఆ మావ సేతులు కాస్త సూస్తుండు. ఇంకా పూర్తిగా నిలబళ్లేదు."

"అలాగే పెద్దమ్మా" అన్నాను. ఆ రెండు మాటలు నేను ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నానో లెక్కలేదు.

మంట బదులు మాకు ఒక గది ఇచ్చారు. క్యాంటీన్ పక్క పాత స్టోరు గదికి పసుపురంగు వేసి, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి పువ్వుల బొమ్మలు, ఒక పెద్ద అద్దం పెట్టారు. అద్దం మీద నవ్వండి అని రాసుంది. తాళంచెవి నా దగ్గర. పది నుంచి ఐదు వరకు తెరవాలి. మొదటి షిఫ్టు వాళ్లు ఆరింటికి లోపలికి వెళ్లి, రెండింటికి దిగి ఇళ్లకి పరుగెడతారు. మధ్యలో దొరికే అరగంటలో చెయ్యి కడుక్కుని అన్నం తినడమే గగనం. ఆ గదిలోకి నేను ఉన్నన్నాళ్లూ వెళ్లింది హెచ్ఆర్ అబ్బాయి హెల్మెట్ ఒక్కటే, రోజూ ఓ కుర్చీలో పెట్టేవాడు.

ఇక రిజిస్టరు. ఇదంతా దాని గురించే. ఒక్కొక్కరి పేరుకి ఎదురుగా మూడు గడులు. మొదటి గడి మీద నవ్వు మొహం, రెండోదాని మీద ఏ భావమూ లేని మొహం, మూడోదాని మీద ఏడుపు మొహం. ప్రతి సోమవారం ఎవరికి వాళ్లు వచ్చి టిక్కు పెట్టాలి. ఈ పుస్తకం ఉపన్యాసానికి ముందే, కార్తీకంలోనే మొదలైంది. ఏడుపు మొహం మీద టిక్కు పడితే ఒక ఫారం నింపి పై ఆఫీసుకి పంపాలి.

మావాళ్లు అంత అమాయకులేం కాదు. మిల్లులో పైకి వెళ్లిన ఏ కాగితం ఎవరి మేలుకి తిరిగొచ్చిందో వాళ్లకి బాగా తెలుసు. పని చెయ్యలేడు అనే ముద్ర పడితే గేటు పాసు పోతుంది. మొదటి సోమవారం మావ నా బల్ల దగ్గర నిలబడి ఆ మూడు మొహాలనీ చాలాసేపు చూశాడు.

"అమ్మా, ఈ ఏడుపు మొహం కాడ ఎడితే ఏటవుతాది?"

"కాగితం పైకి పంపుతారు మావా."

"పైవోలు ఏటి సేస్తారు?"

"నాకు తెలీదు."

"అయితే నవ్వుది ఎట్టీ" అన్నాడు. చెయ్యి చాపి పెన్ను అందుకోబోయాడు. ఆ చెయ్యి వణుకుతోంది. గడి దాటిపోతుందని, నేనే టిక్కు పెట్టేశాను.

ఆ ఒక్కసారి అడిగి పెట్టాను. తర్వాతి సోమవారం అడగలేదు. ఆయనదే కాదు, ఎవరిదీ అడగలేదు. రెండు వందలమంది పేర్లు, వాళ్లు మిషన్లు వదిలి రాలేరు, సాయంత్రానికి పుస్తకం హెచ్ఆర్ బల్ల మీద ఉండాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఫ్యాను కింద కూర్చుని పైనుంచి కిందికి నవ్వు మొహాలకి టిక్కులు కొట్టుకుంటూ పోయేదాన్ని. కళ్లు మూసుకున్నా పెట్టగలిగేంత అలవాటైపోయింది. ఎదురుపడిన వాళ్లు "మాకు నవ్వుదే కొట్టీసినావా అమ్మా?" అని అడిగి, కొట్టేశానంటే ఊపిరి పీల్చుకునేవాళ్లు. అందరికీ మేలు చేస్తున్నాననుకున్నాను. పై ఆఫీసు నుంచి మా మిల్లుకి మెచ్చుకోలు ఉత్తరం కూడా వచ్చింది.

మంట ఆగిపోయిన మూడోవారం, పుష్యమాసం చలి. ఆరింటికి షిఫ్టు ఎక్కింది. ఏడు దాటిందో లేదో లోపల్నుంచి కేకలు వినపడ్డాయి. నార మోసే బండి మీద మావని కూర్చోబెట్టి తోసుకొచ్చారు. ఎడమచేతికి గోనెగుడ్డ చుట్టారు. గుడ్డ ఎర్రగా ఉంది. రెండు వేళ్లు మిషన్‌లోనే ఉండిపోయాయని మేస్త్రీ చెప్పాడు. మావ మొహంలో నెత్తురు చుక్క లేదు. నన్ను చూసి ఒక్క మాటన్నాడు.

"అమ్మా, నా టిపినీ డబ్బా లోపల ఉండిపోనాది."

నేను మందుల పెట్టె తెచ్చాను. మూత రాలేదు. ఎవరో రాయితో కొట్టి తెరిచారు. లోపల ఒక దూది చుట్టా, గడువు తీరిన మందూ ఉన్నాయి. సంక్షేమ విభాగం పెట్టె అది, నాది.

పొద్దున్న ఆయన గేటు దాటినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కూపను ఇచ్చాను. ఆయన చేతిలోనే పెట్టాను. ఆ చెయ్యి ఎలా ఉందో చూడలేదు.

ఆ తర్వాత జరిగింది ఇదీ. ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా లేదు. విచారణ అన్నారు. ప్రమాదానికి కార్మికుడి అజాగ్రత్తే కారణమని తేల్చేసి మనిషిని వదిలించుకోవాలని చూశారు. అందుకు వాళ్లకి దొరికిన సాక్ష్యం ఏమిటో తెలుసా? నా రిజిస్టరు. పది సోమవారాలు మనిషి తనంతట తానే నవ్వు మొహానికి టిక్కు పెట్టాడట. మనసు బాగుంది, నిద్ర బాగుంది, కంపెనీ శ్రద్ధ తీసుకుంది, గది కూడా కట్టించింది. అలాంటివాడి చెయ్యి రోలర్లలోకి వెళ్లిందంటే తప్పు వాడిదే. అంత శుభ్రంగా అల్లారు కథని.

హెచ్ఆర్ అబ్బాయి ఆ పది పేజీల నకళ్లూ తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇవి అసలుకి సరైన నకళ్లని మీరు సంతకం పెడితే చాలండీ. పుస్తకం మీదే కదా."

రెండు రోజులు గడువడిగాను. ఆ సాయంత్రం విజయనగరం ఆసుపత్రికి వెళ్లాను. మావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతికి ఉన్న కట్టు ఆయన తలకాయంత ఉంది. ఉన్న విషయం చెప్పాను. మనిషి కంగారుపడ్డాడు, తన గురించి కాదు, నా గురించి.

"నానే కదా ఎట్టమన్నాను. నవ్వుది ఎట్టమని నానే సెప్పినాను. నువ్వు సంతకం ఎట్టీ అమ్మా. నా గురించి నీ వుద్యోగం పోగొట్టుకుంటావేటి?"

నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. "నువ్వు చెప్పింది ఒక్క వారం మావా. మిగతా తొమ్మిది వారాలూ నేను అడగనేలేదు."

ఆయన కట్టున్న చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అడిగినా అదే సెబుదును."

"అడిగితే చెయ్యి చూసేదాన్ని కదా!" అని అరిచాను. పక్క మంచాల వాళ్లు తలలు తిప్పారు. సిగ్గుపడి బయటికొచ్చేశాను. బస్సులో విజయనగరం నుంచి గజపతినగరం దాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. మావకి గదిలో మంచం, పొయ్యి తప్ప ఏమీ లేవు. మిల్లు నుంచి పంపించేస్తే ఆ గదిలో ఒంటరిగా కూర్చుని ఆయన ఎన్నాళ్లు ఉంటాడన్నది నాకు కళ్లకి కట్టినట్టు కనపడుతోంది.

విచారణ గదిలో ముగ్గురున్నారు. మేనేజరు, హెచ్ఆర్ అబ్బాయి, పై ఆఫీసు నుంచి వచ్చిన ఒకాయన. బల్ల మీద రిజిస్టరు. పెన్ను మూత తీసి నా వైపు జరిపారు. నేను పెన్ను ముట్టుకోలేదు.

"ఈ టిక్కులు ఆయనవి కావండీ. నావి. అన్నీ నావే. చూడండి, రెండు వందలమందివీ ఒకే సిరా, ఒకే వాలు. పది వారాల్లో ఈ మిల్లులో ఒక్కరికి కూడా ఏడుపు రాలేదని మీకు అనుమానం రాలేదా? ఇందులో పేరున్న ఒకావిడ ఆ వారాల్లోనే బిడ్డని పోగొట్టుకుంది. ఆవిడకి కూడా నవ్వు మొహమే పెట్టాను."

హెచ్ఆర్ అబ్బాయి మొహం పాలిపోయింది. పై ఆఫీసాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంటే మీరు తప్పుడు రికార్డు రాశారన్నమాట."

"రాశాను. దానికి నన్నేం చేస్తారో చెయ్యండి. కానీ ఆ తప్పుడు రికార్డుతో ఆయన్ని పంపించడానికి వీల్లేదు. ఇంకోటి కూడా రాసుకోండి. ఈ మనిషి చేతులు వణికిన ప్రతిరోజూ ఆయన్ని మిషన్ దగ్గరినుంచి తప్పించేవాళ్లు, మీరు మంట ఆర్పించేదాకా. ఆర్పించాక చూసేవాళ్లు లేరు."

"ఏం మంట?" అన్నాడాయన.

నిజంగానే ఆయనకి తెలియదు. ఎవరూ చెప్పలేదు. మొత్తం చెప్పాను, పెద్దమ్మ గిల్లి చూడడం, మేస్త్రీ మార్చడం, అంతా. బయట నిలబడి ఉన్న మేస్త్రీని పిలిపించారు. అతను చేతులు కట్టుకుని నిలబడి, మేనేజరు వైపు చూడకుండా, "నిజమే బాబూ, నాను మార్సేవోన్ని" అన్నాడు. ఆ ఒక్క మాటకి అతనికి ఎంత దమ్ము కావాలో నాకు తెలుసు.

పై ఆఫీసాయన అంతా విని తల పంకించాడు. "అలాంటి మంచి పద్ధతి ఉంటే మీరు డాక్యుమెంట్ చేసి ఉండాల్సిందమ్మా."

అప్పుడు నా నోరు ఆగలేదు. "కాగితం మీద పెట్టినవాటిని మీరు ఏం చేస్తారో ఇప్పుడే చూశాను కదండీ" అన్నాను.

మావని తీసెయ్యలేదు. అంతవరకు నెగ్గాం. చెయ్యి మానాక గేటు దగ్గర పాసులు చూసే పనిలో పెట్టారు. నాకు మెమో ఇచ్చి, సంక్షేమం నుంచి తప్పించి, గోడౌన్‌లో నార కట్టల లెక్క రాసుకునే పనికి పంపించారు. ఉగాదికి వచ్చిన కంపెనీ పత్రికలో ఆ పసుపు గది ఫొటో వేశారు. అద్దంలో హెచ్ఆర్ అబ్బాయి నవ్వుతున్నాడు. చలికాలంలో ఉద్యోగుల మనసుకి అండగా నిలిచిన మిల్లు అని కింద రాశారు. ఆ పేజీ చించి నాలుగు ముక్కలు చేశాను. చాలక ఇంకో నాలుగు చేశాను. షెడ్డు మీద వెలుతురు రేకులు నేను ఉన్నన్నాళ్లూ వెయ్యలేదు.

మళ్లీ చలికాలం వచ్చింది. గోడౌన్ డ్యూటీ కూడా ఆరింటికే. ఒకరోజు ఆటో దిగేసరికి కల్వర్టు అవతల మంచులో ఎర్రటి వెలుగు కనపడింది. అది మిల్లు స్థలం కాదు, రోడ్డు స్థలం కాదు, కోత అయిపోయిన ఒక రైతు మడి. ఆయన కూతురు మా మిల్లులోనే వడుకుతుంది, ఆవిడ అడిగితే సరేనన్నాడట. గొయ్యి తవ్వి ఇటుకలు పేర్చారు. పక్కన రెండు బాల్చీల నీళ్లు. పెద్దమ్మ మళ్లీ గిన్నెలతో దిగింది.

నేను మొదటిసారి అటు నడిచాను. చేతిలో మట్ట లేదని గుర్తొచ్చి, గట్టు మీద పడున్న కంప ఒకటి ఏరుకున్నాను.

మావ అప్పటికే ఉన్నాడు. పాసులు చూసేవాడికి చేతులు చూపించాల్సిన పనిలేదు. అయినా చాపాడు. పెద్దమ్మ కుడిచేతి వేళ్లు గిల్లింది. ఎడమచేతికి ఉన్న మూడూ గిల్లింది. మిగిలిన రెండుచోట్లా కూడా బొటనవేలితో నెమ్మదిగా నొక్కి చూసింది. "ఊఁ, ఎచ్చగానే ఉన్నాయి. ఎల్లు" అంది.

తర్వాత నా వైపు తిరిగింది. పోయినేడు నాకు అప్పజెప్పి వెళ్లిన మాట అడుగుతుందనుకున్నాను. ఆవిడ అదేమీ అడగలేదు.

"నీ సేతులేయి?"

"నాది మిషన్ పని కాదు పెద్దమ్మా. రాసే పని."

"అదే. సూపించు."

చాపాను. ఇన్నేళ్లలో ఆ మిల్లులో నా చేతులు చూపించమని అడిగిన మొదటి మనిషి ఆవిడ. కుడిచెయ్యి పట్టుకుని ఒక్కొక్క వేలే గిల్లింది. చూపుడువేలి దగ్గర ఆగిపోయింది. చెయ్యి వణుకుతోందని అప్పటిదాకా నాకే తెలియదు.

"ఈ సేత్తో ఈయాల ఏటీ రాయకు" అంది. "కూకో."

మావ పక్కకి జరిగి చోటిచ్చాడు. సైరన్ మోగింది. అందరూ లేచి వెళ్లారు. నేను వెళ్లలేదు.